లెక్క ముందు, బొమ్మ తర్వాత



ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలకి, అందులోనూ మెకానికల్, సివిల్, ఏరోనాటికల్ బ్రాంచీల వాళ్లకి ఈ పూట కొన్ని మాటలు చెప్పాలనుకుంటున్నాను. పక్కన కూర్చుని వింటున్న తల్లిదండ్రులు కూడా రేడియో కట్టేయకండి. మీరు ఎక్కే విమానం రెక్క, దాటే పెద్ద వంతెన, మోకాలి ఆపరేషన్‌లో అమర్చే కృత్రిమ కీలు, ఇలాంటివి చాలావరకు ఈ రోజుల్లో ఒక లెక్క పద్ధతిలో పరీక్షకి నిలబడ్డాకే మీ దాకా వస్తున్నాయి.

ఆ పద్ధతి పేరు ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్. కాలేజీల్లో ఎఫ్ఈఎమ్ అంటారు. మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఎదురవుతుంది. తరగతి గదిలో చూస్తే బోర్డు నిండా మాత్రికలు, ఇంటిగ్రల్స్, షేప్ ఫంక్షన్లు. మేడమీద కంప్యూటర్ ల్యాబ్‌కి వెళ్తే అదే సబ్జెక్టు ఇంకో వేషంలో కనిపిస్తుంది. అక్కడ మెనూలు, బటన్లు, చివర్లో ఎరుపు నుంచి నీలం దాకా రంగులు పరుచుకున్న అందమైన బొమ్మ. బోర్డు మీది మాత్రికకీ తెర మీది రంగుకీ ఉన్న సంబంధం మాత్రం చాలామందికి అందకుండానే డిగ్రీ పూర్తవుతుంది. పరీక్ష కోసం మాత్రికలు బట్టీపట్టి, ఉద్యోగం కోసం అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సు చేరతారు. ఏ బటన్ తర్వాత ఏ బటన్ నొక్కాలో బాగానే వస్తుంది. వచ్చిన అంకె నమ్మదగ్గదా కాదా అని అడిగితే నోరు మెదపలేరు.

ఈ విద్య ఎలా నేర్చుకోవాలి అన్నదాని మీద నాకొక గట్టి అభిప్రాయం ఉంది. జవాబు సుమారుగా ఎంత రావాలో కంప్యూటర్‌కంటే ముందు మీకు తెలిసి ఉండాలి. అది తెలియనివాడు మోడల్ తయారుచేయకూడదు. ఎందుకు అంత గట్టిగా అంటున్నానో క్రమంగా చెబుతాను.

ముందు పద్ధతి ఏమిటో చూద్దాం. కాగితం, పెన్సిలు అందుబాటులో ఉంటే తీసుకోండి.

గోడకి ఒక స్ప్రింగు బిగించామనుకోండి. దాని కొసకి ఇంకో స్ప్రింగు తగిలించాం. మొదటిది గట్టిది, ఒక్క మిల్లీమీటరు సాగాలంటే 100 న్యూటన్ల బలం కావాలి. రెండోది కాస్త మెత్తన, దానికి 50 న్యూటన్లు చాలు. ఇప్పుడు రెండో స్ప్రింగు చివర పట్టుకుని 200 న్యూటన్లతో లాగాం. రెండు స్ప్రింగుల్లోనూ అదే 200 న్యూటన్ల బలం ఉంటుంది కాబట్టి మొదటిది 2 మిల్లీమీటర్లు, రెండోది 4 మిల్లీమీటర్లు సాగుతాయి. చివరి కొస మొత్తం 6 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఇది నోటిలెక్క.

ఇదే లెక్కని ఎఫ్ఈఎమ్ ఎలా చేస్తుందో చూడండి. గోడ దగ్గరిది ఒకటో నోడ్, స్ప్రింగులు కలిసిన చోటు రెండో నోడ్, చివరి కొస మూడో నోడ్. ఒక్కో స్ప్రింగు ఒక్కో ఎలిమెంట్. ప్రతి ఎలిమెంట్‌కీ తన గట్టిదనం చెప్పే చిన్న మాత్రిక ఉంటుంది. మొదటి స్ప్రింగుకి 100, మైనస్ 100, మైనస్ 100, 100. రెండోదానికి అదే వరసలో 50లు. రెండో నోడ్ రెండు స్ప్రింగులకీ ఉమ్మడి కాబట్టి అక్కడ 100, 50 కలిసి 150 అవుతుంది. అసెంబ్లీ అని పుస్తకాల్లో అధ్యాయాలు రాసేది ఈ కూడికనే. తర్వాత గోడ కదలదు కాబట్టి ఒకటో నోడ్ జరుగుబాటు సున్నా అని పెట్టేస్తాం. మిగిలేవి రెండు సమీకరణాలు. 150 సార్లు రెండో నోడ్ జరుగుబాటులోంచి 50 సార్లు మూడో నోడ్ జరుగుబాటు తీసేస్తే సున్నా. మూడో నోడ్ జరుగుబాటులోంచి రెండో నోడ్ జరుగుబాటు తీసేసి 50తో గుణిస్తే 200. ఈ రెంటినీ సాధించి చూడండి, రెండో నోడ్ 2, మూడో నోడ్ 6 వస్తాయి. నోటిలెక్కతో సరిపోయింది.

ఇందులో ఒక చిన్న సంగతి దాగుంది. గోడ కదలదు అన్న షరతు పెట్టకుండా సాధించబోతే ఆ సమీకరణాలకి జవాబే ఉండదు. పట్టుకునేవాడు లేకపోతే రెండు స్ప్రింగులూ కలిసి ఎటైనా జారిపోవచ్చు కదా. ల్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ మాత్రిక సింగ్యులర్ అని ఆగిపోయిన ప్రతిసారీ చెప్పేది చాలావరకు ఇదే. మీ వస్తువుని ఎక్కడో సరిగా పట్టుకోలేదు. మూడు నోడ్ల లెక్క చేతితో చేసినవాడికి ఆ సందేశం వెంటనే అర్థమవుతుంది. చేయనివాడు బటన్లు మార్చి మార్చి నొక్కుతూ సాయంత్రం దాకా కూర్చుంటాడు.

స్ప్రింగుల స్థానంలో ఇప్పుడు ఒక ఉక్కు పలకని పెట్టండి. పలకలో ప్రతి బిందువూ కదులుతుంది. అన్ని బిందువుల కదలికా చెప్పే సమీకరణాలు పంతొమ్మిదో శతాబ్దం నుంచే మనకి తెలుసు. అయితే వాటికి కచ్చితమైన జవాబు దొరికేది గుండ్రటి గొట్టం, దీర్ఘచతురస్రపు దూలం లాంటి తేలిక ఆకారాలకే. ఇంజన్‌లో కనెక్టింగ్ రాడ్‌కి దొరకదు. అందుకని ఆ వస్తువుని చిన్న చిన్న త్రిభుజాలుగా, చతుర్భుజాలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో కదలిక ఒక తేలిక సూత్రాన్ని అనుసరిస్తుందని ఒప్పుకుంటాం. అలా ఒప్పుకోవడంతో ముక్క స్ప్రింగులాంటిది అయిపోతుంది. ఇక మిగిలింది పైన చెప్పిన కూడికే. కాకపోతే సమీకరణాలు రెండు కాదు, రెండు లక్షలు ఉండొచ్చు. అక్కడే కంప్యూటర్ అవసరం పడుతుంది.

ఈ ఆలోచన ఒక్కరి బుర్రలో ఒక్క రోజున పుట్టింది కాదు. 1943లో రిచర్డ్ కూరాంట్ అనే గణితశాస్త్రవేత్త, మెలితిప్పిన కడ్డీ లెక్కని త్రిభుజాలుగా విడగొట్టి చేయవచ్చని చూపించాడు. అప్పటికి దాన్ని చేసిపెట్టే యంత్రాలు లేవు, ఆ వ్యాసం చాలాకాలం అలాగే ఉండిపోయింది. 1950ల మొదట్లో అమెరికాలో బోయింగ్ కంపెనీకి ఒక చిక్కు వచ్చింది. జెట్ విమానాలకి త్రికోణాకారపు పొట్టి రెక్కలు వస్తున్నాయి. పొడుగాటి రెక్కలకి పనికొచ్చిన దూలాల లెక్క వాటికి పనికిరాలేదు. అక్కడి ఇంజనీరు టర్నర్, బర్క్‌లీ నుంచి వేసవి సెలవుల్లో వచ్చి పనిచేసిన రే క్లఫ్, ఇంకో ఇద్దరు కలిసి రెక్క పైతొడుగుని త్రిభుజాలుగా కోసి లెక్క కట్టారు. ఆ వ్యాసం 1956లో అచ్చయింది. ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు క్లఫ్ 1960లో పెట్టాడు. రెండేళ్ల తర్వాత ఆయనా, ఆయన శిష్యుడు ఎడ్ విల్సన్ కలిసి అమెరికాలో పగులు వచ్చిన నార్‌ఫోర్క్ ఆనకట్టని ఈ పద్ధతిలో పరీక్షించారు. రెక్కల కోసం పుట్టిన లెక్క అలా ఆనకట్టల దగ్గరికి వచ్చింది. 1967లో ఈ పద్ధతి మీద జీన్‌కీవిచ్ అనే ఆచార్యుడు రాసిన పుస్తకం వచ్చాక ప్రపంచంలో ఏ మూల ఉన్న ఇంజనీరైనా దీన్ని నేర్చుకునే వీలు కలిగింది.

మనవాళ్ల సంగతి ఇక్కడ చెప్పకపోతే అన్యాయమవుతుంది. గుడివాడలో పుట్టి కాకినాడలో ఇంజనీరింగ్ చదివిన అట్లూరి సత్యనాథం గారు ఈ రంగంలో ప్రపంచం గుర్తించిన పరిశోధకులు. పగుళ్లు ఎలా పాకుతాయో లెక్కగట్టే పద్ధతుల్లోనూ, మెష్, అంటే ఆ ముక్కల వల, అవసరం లేకుండా సాగే పద్ధతుల్లోనూ ఆయన పేరు ముందు వినిపిస్తుంది. వరంగల్ ప్రాంతం నుంచి వచ్చి ఉస్మానియాలో చదివిన జె. ఎన్. రెడ్డి గారు టెక్సాస్‌లో ఆచార్యులు. ఆయన రాసిన పరిచయ గ్రంథం ఎన్నో దేశాల్లో పాఠ్యపుస్తకం. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన చంద్రుపట్ల తిరుపతి గారు బెలెగుండు గారితో కలిసి రాసిన పుస్తకం మన కాలేజీ లైబ్రరీల్లో అంచులు నలిగి కనిపిస్తుంది. చాలామంది విద్యార్థులకి ఆ పుస్తకం తెలుసు, రాసినాయన మన ఊళ్లవాడని తెలియదు. తిరువనంతపురంలో విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం వారు మన రాకెట్ల కోసం ఫీస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ని సొంతంగా తయారుచేసుకున్నారన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. బయట కొనుక్కోవడం తప్ప మనకి దారి లేదనే మాట సరైంది కాదు.

సరే, మళ్లీ లెక్కకి వద్దాం. ఒక ఉక్కు పట్టీ తీసుకుందాం. పొడవు 500 మిల్లీమీటర్లు, వెడల్పు 20, మందం 10. ఒక కొస బిగించి, రెండో కొసకి 100 న్యూటన్ల బరువు, అంటే సుమారు పది కిలోలు, వేలాడదీశాం. కొస ఎంత వంగుతుంది? రెండో ఏడాదిలో నేర్చుకున్న సూత్రమే, పి ఎల్ క్యూబ్ బై త్రీ ఈ ఐ. ఉక్కుకి ‘ఈ’ అనే స్థితిస్థాపకత విలువ రెండు లక్షల మెగాపాస్కల్స్ అనుకుంటే సరిగ్గా 12.5 మిల్లీమీటర్లు వస్తుంది. బిగించిన చోట ఒత్తిడి 150 మెగాపాస్కల్స్.

ఇప్పుడు దీన్నే సాఫ్ట్‌వేర్‌లో పెడదాం. పట్టీని పక్కనుంచి చూస్తూ పొడవు వెంట పది ముక్కలు చేద్దాం. ఒక్కో ముక్క 50 పొడవు, 10 ఎత్తు. నాలుగు మూలలా నాలుగు నోడ్లున్న మామూలు ఎలిమెంట్, పూర్తి ఇంటిగ్రేషన్‌తో. మొదటిసారి మోడల్ చేసే విద్యార్థి సరిగ్గా ఇదే చేస్తాడు. సాఫ్ట్‌వేర్ ఎక్కడా అభ్యంతరం చెప్పదు, ఎర్ర అక్షరాలు రావు, రంగుల బొమ్మ చక్కగా వస్తుంది. అందులో కొస వంగింది మాత్రం 1.2 మిల్లీమీటర్ల దగ్గరే. రావలసినదాంట్లో పదో వంతు!

కారణం చెప్పుకోవడం కష్టం కాదు. పట్టీ వంగితే దాని పై అంచు, కింది అంచు విల్లులా వంపు తిరగాలి. నాలుగు నోడ్ల ముక్క అంచులు తిన్నటి గీతలుగానే ఉండగలవు, వంపు వాటికి చేతకాదు. అందుకని వంగాల్సిన చోట అది పక్కకి ఒరుగుతుంది, లేని షీర్‌ని తెచ్చిపెట్టుకుని బిగుసుకుపోతుంది. దీన్ని షీర్ లాకింగ్ అంటారు. అదే పది ముక్కలకి అంచుల మధ్యలో కూడా నోడ్లు పెట్టి, ఎనిమిది నోడ్ల ఎలిమెంట్ వాడి చూడండి. 12.5కి దగ్గరగా వచ్చేస్తుంది. పట్టీ అదే, బరువు అదే, ముక్కల సంఖ్య అదే. మారింది ముక్క స్వభావం.

12.5 అన్న అంకె ముందే కాగితం మీద ఉన్నవాడు 1.2 చూడగానే ఉలిక్కిపడతాడు. లేనివాడు బొమ్మ ప్రింటు తీసి రికార్డులో అతికిస్తాడు. పట్టీ విషయంలో పోయేది మహా అయితే మార్కులు. పోగా పోగా ఎంతదాకా పోతుందో చెప్పడానికి నార్వేలో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి.

ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతున్న చోట సహజవాయువు తీయడానికి స్లైప్నర్ ఎ అనే వేదికని తలపెట్టారు. దాని పునాది అంతా కాంక్రీటు. 24 గుండ్రటి గదులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, వాటిలో నాలుగు పైదాకా స్తంభాలుగా సాగుతాయి. తీరం దగ్గర కట్టి, తేల్చుకుంటూ తీసుకెళ్లి సముద్రం అడుగున కూర్చోబెట్టాలి. మూడు గుండ్రటి గదులు కలిసేచోట నడుమ మూడు మూలల ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ పైన తెరిచి ఉండడంతో సముద్రపు నీరు దాన్ని నింపుతుంది. గదుల లోపల నీటి మట్టం మాత్రం తక్కువ. కాబట్టి ఆ ఖాళీ చుట్టూ ఉన్న గోడల్ని నీరు లోపలినుంచి గదుల వైపు తోస్తూ ఉంటుంది.

1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర గాండ్స్‌ఫియర్డ్ అనే లోతైన సముద్రపు పాయలో ఆ పునాదిని పరీక్ష కోసం నెమ్మదిగా నీళ్లలోకి దించుతున్నారు. పెద్ద చప్పుడు వినిపించింది. గదిలోకి నీరు జోరుగా రావడం మొదలైంది, పంపులు తోడి పోయలేకపోయాయి. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు, మొత్తం కట్టడం మునిగిపోయింది. పైనున్నవాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. కిందికి పోయేకొద్దీ నీటి ఒత్తిడికి గదులు లోపలికి నలిగి పేలాయి. 220 మీటర్ల లోతున అడుగుని తాకినప్పుడు భూకంప యంత్రాల్లో 3.0 తీవ్రత నమోదైంది. అక్కడ మిగిలింది రాళ్ల కుప్ప. నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు.

విచారణలో తేలింది ఏమిటంటే, ఆ మూడు మూలల ఖాళీ గోడల దగ్గర మెష్ ముతకగా ఉంది. ఎలిమెంట్లు వంకర తిరిగి ఉన్నాయి, షీర్ బాగా పెరిగే గోడ కొసల్లో చాలినన్ని లేవు. కంప్యూటర్ ఇచ్చిన షీర్ అసలుకంటే 47 శాతం తక్కువ. గోడ మందం, లోపలి ఇనుము ఆ తక్కువ అంకెకి తగ్గట్టు పెట్టారు. గోడకి అడ్డంగా వేసిన కడ్డీల పొడవు కూడా చాలలేదు. సాఫ్ట్‌వేర్ అనామకమైంది కాదు, నాసా కోసం పుట్టి ప్రపంచమంతా వాడే నాస్ట్రాన్. దానికి ఇచ్చిన మెష్‌కి తగిన జవాబే అది ఇచ్చింది. తర్వాత జాగ్రత్తగా చేసిన విశ్లేషణలో ఆ గోడ 62 మీటర్ల నీటి ఒత్తిడి దగ్గర విరగాలని వచ్చింది. నిజంగా విరిగింది 65 మీటర్ల దగ్గర. సరైన చేతుల్లో ఈ పద్ధతి ఎంత దగ్గరగా చెప్పగలదో కూడా ఈ ప్రమాదమే చూపించింది.

నన్ను ఇన్నేళ్లుగా కలవరపెట్టే విషయం ఇంకొకటి. 65 మీటర్ల నీరంటే చదరపు మీటరుకి దాదాపు 65 టన్నుల తోపు. గోడ రెండు కొసల మధ్య దూరం ఎంతో, అందులో సగం మీద పడే తోపుని ఒక్కో కొస మోయాలి. కొస దగ్గర షీర్ ఎంతో సుమారుగా తెలుసుకోవడానికి ఒక గుణకారం, ఒక భాగహారం చాలు. ఆ రెండంకెలూ కాగితం మీద వేసి కంప్యూటర్ అంకె పక్కన పెట్టి ఉంటే తేడా కళ్లకి కొట్టొచ్చినట్టు కనిపించేది.

తర్వాతి కథ కూడా వినండి. 1993లో గ్యాసు అందించాల్సిన ఒప్పందం ఉంది, కొత్త పునాది కట్టక తప్పదు. కంప్యూటర్ లెక్కలన్నీ మొదటినుంచి మళ్లీ చేసేదాకా ఆగే వ్యవధి లేదు. దాంతో ఆ ఇంజనీర్లు స్లైడ్ రూల్ కాలంనాటి చేతిలెక్కలతోనే డిజైన్‌కి పూనుకున్నారు. కంప్యూటర్ ఫలితాలు వెనకాల వచ్చాయి. కొత్త స్లైప్నర్ 1993లో సముద్రంలో నిలబడింది.

మెష్ ఒక్కటే సరిగ్గా ఉంటే చాలదు. వస్తువుని ఎక్కడ, ఎలా పట్టుకున్నామని కంప్యూటర్‌కి చెబుతున్నామో అది అంతకంటే ముఖ్యం. 1978 జనవరి 18 తెల్లవారుజామున అమెరికాలో హార్ట్‌ఫర్డ్ నగరంలోని క్రీడామందిరం పైకప్పు మంచు బరువుకి కూలింది. కొన్ని గంటల ముందు వేలమంది అందులో కూర్చుని బాస్కెట్‌బాల్ ఆట చూసి వెళ్లారు. ఆ కప్పుని కంప్యూటర్‌తోనే లెక్కగట్టారు. లెక్కలో పైనున్న కడ్డీలు మధ్యమధ్య గట్టిగా పట్టి ఉన్నాయని అనుకున్నారు, కట్టిన కప్పులో ఆ పట్టు అంత బలంగా లేదు. పట్టులేని సన్నటి కడ్డీ ఒత్తిడికి పక్కకి ఒంగిపోతుంది. మీరు మోడల్‌లో ఫిక్స్‌డ్ అని ఒక అంచుని ఎంచుకున్నప్పుడల్లా అసలు యంత్రంలో దాన్ని పట్టుకున్నదెవరో వెతకండి. బోల్టా, వెల్డింగా, ఊరికే ఆనుకుని ఉందా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికి షాప్ ఫ్లోర్‌కి దిగి చూడాల్సి వస్తే దిగండి.

యూనిట్ల దగ్గర కూడా పిల్లలు పడిపోతుంటారు. కొలతలు మిల్లీమీటర్లలో, బలం న్యూటన్లలో పెట్టినప్పుడు ఉక్కు సాంద్రత ఘన మిల్లీమీటరుకి టన్నుల్లో ఇవ్వాలి. దశాంశం తర్వాత ఎనిమిది సున్నాలు వచ్చాకే 785 వస్తుంది. పుస్తకంలో చూసిన 7850 అలాగే వేస్తే వస్తువు లక్ష కోట్ల రెట్లు బరువెక్కుతుంది. ఆధారాల దగ్గర వచ్చే ప్రతిబలాల మొత్తం, వస్తువు బరువుతో సరిపోయిందా అని చూసుకుంటే ఇది నిమిషంలో బయటపడుతుంది. స్ప్రింగుల లెక్కలో గోడ దగ్గర 200 న్యూటన్లు తిరిగి రావాలి కదా, ఇదీ అంతే.

ఇక మెష్ ఎంత చిన్నగా చేయాలి అన్నది అందరూ అడిగే ప్రశ్న. దీనికి మంచి పాఠం నడుమ గుండ్రటి రంధ్రమున్న పలక. వంద మిల్లీమీటర్ల వెడల్పు పలకలో పది మిల్లీమీటర్ల రంధ్రం వేసి రెండు వైపులా లాగండి. రంధ్రం అంచున ఒత్తిడి, లాగిన ఒత్తిడికి సుమారు మూడు రెట్లు ఉండాలని జర్మన్ ఇంజనీరు కిర్ష్ 1898లోనే సాధించి పెట్టాడు. ఇంకో గుర్తు కూడా ఉంది. లాగే దిశలో రంధ్రం కొసన చూస్తే అక్కడ లాగుడుకి బదులు నొక్కుడు ఉంటుంది, అదీ ఇంచుమించు లాగినంత. రంధ్రం చుట్టూ ఎలిమెంట్లని ఒక్కోసారి రెట్టింపు చేస్తూ పోండి. మొదట అంకె ఊగుతుంది, తర్వాత మూడు దగ్గర కుదురుకుంటుంది. అలా కుదురుకోవడాన్ని కళ్లారా చూసినవాడికి కన్వర్జెన్స్ మీద వేరే ఉపన్యాసం అక్కర్లేదు.

ఆ తర్వాత ఎల్ ఆకారపు పలక తీసుకుని లోపలి మూలలో అదే పని చేయండి. ఈసారి అంకె కుదురుకోదు, మెష్ చిన్నదయ్యేకొద్దీ పెరుగుతూనే ఉంటుంది. పదునైన లోపలి మూలలో ఒత్తిడికి గణితం ప్రకారం హద్దే లేదు మరి. అసలు వస్తువులో అక్కడ ఎంతో కొంత గుండ్రటి ఒంపు ఉంటుంది, దాన్ని మోడల్‌లో పెట్టాలి. ఈ తేడా తెలియక, ఎర్రటి మచ్చ కనబడగానే భయపడి మందం పెంచేసినవాళ్లని చూశాను. ఉక్కు వృథా అవుతుంది, బండి బరువెక్కుతుంది, అసలు బలహీనమైన చోటు అలాగే ఉండిపోతుంది.

నేర్చుకునే వరస గురించి అడిగితే నేను చెప్పేది ఇది. సాఫ్ట్‌వేర్ తెరవకముందు స్ప్రింగులు, కడ్డీలు, ట్రస్సులు చేతితో చేయండి. తర్వాత ఆ ట్రస్సునే పైథాన్‌లో మీరే ప్రోగ్రాము రాయండి, వంద వరసలు దాటదు. మీరు రాసిన వంద వరసలే పెద్ద సాఫ్ట్‌వేర్ గుండెకాయ కూడా. దీనికి చంద్రుపట్ల, బెలెగుండుల పుస్తకం చక్కగా సరిపోతుంది, అందులో చిన్న చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. ఈ పద్ధతి గణితపరంగా ఎందుకు పనిచేస్తుందో తెలుసుకోవాలన్న ఆకలి పుట్టినప్పుడు రెడ్డి గారి పుస్తకం పట్టుకోండి. ముందే పట్టుకుంటే బెదిరిపోతారు. వీడియో పాఠాలు కావాలంటే ఎన్‌పీటీఈఎల్‌లో మన ఐఐటీ ఆచార్యుల తరగతులున్నాయి. ఎంఐటీ ఆచార్యులు బాతే గారు 1980లలో చెప్పిన పాఠాల్ని ఆ సంస్థ అందరికీ ఉచితంగా ఉంచింది.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదని దొంగ కాపీలు వెతకొద్దు. కాల్క్యులిక్స్, కోడ్ ఆస్టర్ రెండూ ఉచితమే. మొదటిదాన్ని జర్మనీలో విమాన ఇంజన్ల కంపెనీలో పనిచేసే ఇంజనీర్లు రాశారు, రెండోది ఫ్రాన్సు విద్యుత్ సంస్థ తన అవసరాలకి తయారుచేసి అందరికీ తెరిచింది. ఫ్రీక్యాడ్‌లో గీసి అక్కడికక్కడే విశ్లేషించవచ్చు. పేరున్న కంపెనీలు కూడా విద్యార్థులకి నోడ్ల సంఖ్య మీద పరిమితితో ఉచిత కాపీలు ఇస్తున్నాయి. నేర్చుకోవడానికి ఆ పరిమితి మంచిదే, ఎక్కడ చిన్న మెష్ కావాలో ఎక్కడ అక్కర్లేదో ఆలోచించక తప్పదు.

చివరగా అధ్యాపకులకి ఒక విన్నపం. మన కాలేజీల్లో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ల్యాబ్ కింద ఉంటుంది, కంప్యూటర్ ల్యాబ్ పైన ఉంటుంది. రెండిటికీ వేర్వేరు రికార్డులు, వేర్వేరు మార్కులు. ఒక్క మధ్యాహ్నం ఈ రెండిటినీ కలపండి. ఇందాకటి ఉక్కు పట్టీని వైస్‌లో బిగించి, పది కిలోలు వేలాడదీసి, కొస ఎంత దిగిందో పిల్లల చేత డయల్ గేజ్‌తో కొలిపించండి. కొలిచేముందు ప్రతి ఒక్కరూ తమ చేతిలెక్క అంకెని కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. కొలత 12.5 కంటే కాస్త ఎక్కువే రావచ్చు. ఎందుకంటే ఏ వైసూ పట్టీని రాయిలా పట్టుకోదు, దవడల దగ్గర కొద్దిగా ఇస్తుంది. అప్పుడు పిల్లల్ని మేడమీదికి తీసుకెళ్లి, మోడల్‌లో ఫిక్స్‌డ్ అంచుని తీసేసి, దాని స్థానంలో స్ప్రింగులు పెట్టమనండి. కొలతతో కలిసేదాకా వాటి గట్టిదనాన్ని సర్దమనండి. అలా దొరికిన గట్టిదనంతో వేరే బరువు వేస్తే కొస ఎంత దిగాలో ముందు చెప్పించి, మళ్లీ కిందికి వచ్చి కొలిపించండి.